తలుపు తట్టిన చప్పుడు: పోలీసు నిఘా, ‘చట్టం’ అనే ప్రశ్న, జస్టిస్ కోకా సుబ్బారావు అసమ్మతి తీర్పు

వ్యాససంగ్రహం:

భారతదేశంలో ప్రభుత్వ నిఘాపై సాగిన న్యాయచర్చను సాధారణంగా గోప్యతా హక్కు ఎదిగివచ్చిన చరిత్రగా రాస్తారు. ఆ కథలో 1962 నాటి ఖరక్ సింగ్ కేసు ఓటమి, 2017 నాటి పుట్టస్వామి కేసు విజయం. ఈ వ్యాసం అదే చరిత్రను మరొక వైపునుంచి చూస్తుంది. నిఘా పుస్తకంలో పేరు ఎవరు రాస్తారు? రాసినవారికి వెలుపల దాన్ని చూసేవారు ఎవరు? ఈ రెండు ప్రశ్నలను ఆధారం చేసుకొని, నేరస్థ తెగల చట్టం మొదలుకొని టెలిఫోను ట్యాపింగు నిబంధనల దాకా ఉన్న కొనసాగింపును పరిశీలిస్తుంది.

కీలకపదాలు: నిఘా, హిస్టరీ షీటు, వ్యక్తిగత స్వేచ్ఛ, దేశభద్రత, నేరస్థ తెగల చట్టం, ఖరక్ సింగ్ కేసు, కోకా సుబ్బారావు, టెలిగ్రాఫ్ చట్టం.

1. ఒక హిస్టరీ షీటు

1941లో ఉత్తరప్రదేశ్‌లో (అప్పటి సంయుక్త రాష్ట్రాలలో) ఒక దోపిడీ కేసులో ఖరక్ సింగ్ అనే వ్యక్తిని పోలీసులు పట్టుకున్నారు. సాక్ష్యం లేకపోవడంతో విడిచిపెట్టారు. న్యాయస్థానం దృష్టిలో వ్యవహారం అక్కడితో ముగిసింది. పోలీసు స్టేషను దృష్టిలో అక్కడే మొదలైంది. అతని పేరుమీద హిస్టరీ షీటు తెరిచారు. ఆనాటి పోలీసు నిబంధనల ప్రకారం దోపిడీదారులు, కన్నపుదొంగలు, పశువుల దొంగలు, రైల్వే సరకు దొంగలు ఒక తరగతి. అలవాటుపడిన నేరస్థులనే గాక, అలా కాగలవారనుకున్నవారిని కూడా ఈ షీట్లలోకి ఎక్కించవచ్చు. ‘కాగలవారు’ అన్నది ఎవరి అంచనా అంటే, ఆ షీటు తెరిచే పోలీసులదే.

ఇరవై ఏళ్ళ తరువాత ఖరక్ సింగ్ రాజ్యాంగంలోని 32వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టును ఆశ్రయించాడు. గ్రామ చౌకీదారు, కొన్నిసార్లు కానిస్టేబుళ్ళు రాత్రివేళ తన తలుపు తట్టి, కేకలు వేసి నిద్రలేపుతున్నారని, పొరుగూరికి పోవాలన్నా ఎక్కడికి పోతున్నదీ, ఎప్పుడు తిరిగివచ్చేదీ ముందుగా చెప్పుకోవలసివస్తున్నదని అతని ఫిర్యాదు. వాస్తవాలలో కొన్నింటిని ప్రభుత్వం కాదన్నది. అందువల్ల న్యాయస్థానం నిఘాను నిర్వచించే 236వ నిబంధననే పరీక్షకు పెట్టింది.

ఆ నిబంధనలో ఆరు అంశాలు ఉన్నాయి. అనుమానితుని ఇంటిమీద, ఆ ఇంటికి వచ్చే దారులమీద రహస్య కాపలా. రాత్రివేళ ఇంటికి వెళ్ళి చూడడం. సబ్ ఇన్‌స్పెక్టరు స్థాయికి తగ్గని అధికారి అప్పుడప్పుడు అతని పేరుప్రతిష్ఠలను, అలవాట్లను, స్నేహాలను, రాబడిని, ఖర్చును, వృత్తిని ఆరాతీయడం. ఇల్లు విడిచిన ప్రతిసారీ కానిస్టేబుళ్ళు, చౌకీదార్లు పైకి తెలపడం. ఆ రాకపోకలను విచారణ చీటీలద్వారా ఒక స్టేషను నుంచి మరొక స్టేషను సరిచూసుకోవడం. వీటన్నిటినీ హిస్టరీ షీటులో రాసిపెట్టడం. ఈ జాబితాను నేటి పాఠకులు కొంత నిదానంగా చదవాలి. ఎవరితో తిరుగుతున్నాడు, ఎంత సంపాదిస్తున్నాడు, ఎక్కడ ఉన్నాడు అని నేడు సెల్‌ఫోను ద్వారా తెలుసుకునే సంగతులన్నీ ఇందులో ఉన్నాయి. ఆనాడు ఆ పనికి చౌకీదారు కాళ్ళు, కళ్ళు అవసరమయ్యాయి. అంతే తేడా.

2. అంతకు ముందు: తెలుగునాట హాజరు పట్టీ

ఈ పద్ధతి 1941లో పుట్టింది కాదు. వలస ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టాన్ని మొదట ఉత్తర భారతంలో తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ విస్తరించింది. ఒక తెగ నేరాలకు అలవాటుపడిందని స్థానిక ప్రభుత్వం నమ్మితే చాలు, గెజిటులో ప్రకటించవచ్చు. ఆ ప్రకటన చెల్లుబాటును ఏ న్యాయస్థానమూ ప్రశ్నించరాదని చట్టమే నిషేధించింది. ప్రకటన వెలువడ్డాక ఆ తెగవారి పేర్లు నమోదు చేయడం, వేలిముద్రలు తీసుకోవడం, నిర్ణీత వేళల్లో హాజరు చెప్పించడం, మకాం మార్చితే తెలపాలని కట్టడి చేయడం సాధ్యమయ్యేది.

తెలుగు జిల్లాలలో ఈ చట్టం బరువును ప్రధానంగా మోసినవారు ఎరుకలవారు. సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో వెలసిన స్టూవర్టుపురం, అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన కావలి సెటిల్‌మెంటు ఈ విధానం ఫలితాలే. స్టూవర్టుపురానికి ఆ పేరు మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్టు నుంచి వచ్చింది. సంస్కరణ, ఉపాధి అనే మాటలు ఆ ప్రయత్నం వెంట ఉన్నాయి. వాటిలో కొంత నిజాయితీ ఉన్నదనడాన్నీ కాదనలేము. అయితే సెటిల్‌మెంటు హద్దు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. వ్యక్తి చేసిన నేరం అక్కడ ప్రశ్న కాదు. పుట్టిన తెగయే ప్రశ్న.

మద్రాసు రాష్ట్రం 1947లో ఈ చట్టాన్ని రద్దుచేసింది. దేశవ్యాప్త రద్దును సూచించిన విచారణ సంఘానికి (1949-50) అధ్యక్షుడు తిరుపతి ప్రాంతానికి చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. ఆ మేరకు 1952 ఆగస్టు 31న చట్టం తొలగిపోయింది. అయితే అదే సంఘం, తెగతో సంబంధం లేకుండా అలవాటుపడిన నేరస్థులకు వర్తించే చట్టం ఉండాలని కూడా సూచించింది. మద్రాసు రాష్ట్రం అంతకు ముందే, 1948లోనే, అటువంటి శాసనం చేసుకొని ఉన్నది. తెగ పేరు పోయి వ్యక్తి పేరు వచ్చింది. ఇది చిన్న మార్పు కాదు. సమానత్వ దృష్టితో చూస్తే పెద్ద మార్పే. కానీ పుస్తకం స్టేషనులోనే ఉన్నది. అందులో రాసే చేయీ మారలేదు. పాత పుస్తకాలలో ఏ కుటుంబాల పేర్లు ఉన్నాయో, కొత్త షీట్లు తెరిచేటప్పుడు పోలీసుల చూపు మొదట అటే పోవడం సహజం.

3. 1962 డిసెంబరు 18

ఖరక్ సింగ్ తీర్పు వెలువడిన తేదీకి ప్రాధాన్యం ఉన్నది. చైనా దాడి నేపథ్యంలో 1962 అక్టోబరు 26న దేశంలో తొలిసారి అత్యవసర పరిస్థితి ప్రకటించారు. నవంబరు 3 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో, భారత రక్షణ నిబంధనల కింద స్వేచ్ఛ కోల్పోయినవారికి 21, 22 అధికరణాల కింద కోర్టుకు వెళ్ళే దారి మూసుకుపోయింది. నవంబరు 21న కాల్పుల విరమణ జరిగింది. నెల తిరగకముందే ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక గ్రామీణుని నిద్ర గురించి తీర్పు చెప్పింది. ఖరక్ సింగ్ భారత రక్షణ నిబంధనల కిందికి వచ్చేవాడు కాదు కనుక ఆ ఉత్తర్వు అతని పిటిషనుకు అడ్డురాలేదు. దేశభద్రత అనే మాట ప్రతి నోటా వినిపిస్తున్న రోజుల్లోనే, ధర్మాసనంలోని ఏ ఒక్కరూ రాత్రిపూట తలుపు తట్టడాన్ని సమర్థించలేదు.

అధికసంఖ్యాక తీర్పు రాసినవారు జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగారు. ప్రధాన న్యాయమూర్తి బి.పి. సిన్హా, జస్టిస్ ఇమామ్, జస్టిస్ ముధోల్కర్ ఆయనతో ఏకీభవించారు. రాత్రివేళ ఇంటికి వెళ్ళి చూడడాన్ని 21వ అధికరణానికి విరుద్ధమని కొట్టివేశారు. మిగిలిన ఐదు అంశాలను నిలబెట్టారు. గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నారు. సంచార స్వేచ్ఛ అంటే శరీరం అటూ ఇటూ కదలగలగడం. దూరంనుంచి ఎవరో చూస్తున్నంత మాత్రాన ఆ కదలిక ఆగదు కదా అన్నది వారి తర్కం. రాజ్యం వైపునుంచి ఆలోచిస్తే ఈ తర్కానికి బలం లేకపోలేదు. నేరం జరిగేదాకా వేచి ఉండి తరువాత పట్టుకోవడమే పోలీసుల పని అయితే, దోపిడీలకు గురయ్యే గ్రామానికి ఆ స్వేచ్ఛావాదం ఏ విధంగానూ అక్కరకు రాదు.

జస్టిస్ కోకా సుబ్బారావు, ఆయనతో ఏకీభవించిన జస్టిస్ జె.సి. షా 236వ నిబంధన మొత్తం చెల్లదన్నారు. 1902లో రాజమండ్రిలో పుట్టి, 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తియై, 1958లో సుప్రీంకోర్టుకు చేరిన సుబ్బారావుకు అసమ్మతి కొత్త కాదు. ఈ తీర్పులో ఆయన వాదం రెండు పాయలుగా సాగింది. మొదటిది అందరూ ఉటంకించేది: గోప్యత వ్యక్తిగత స్వేచ్ఛలో విడదీయరాని భాగం. రెండవది అంతగా చర్చకు రానిది, నా దృష్టిలో అంతకన్నా లోతైనది. తనను ఎవరో గమనిస్తున్నారని తెలిసిన మనిషి మనసుమీద పడే ఒత్తిడి కూడా నిర్బంధమే అన్నారాయన. అటువంటి మనిషికి గోడలు అక్కరలేదు. దేశమంతా అతనికి చెరసాలే అవుతుందన్నది ఆ వాదన సారాంశం. శరీరానికి తగలని నిర్బంధాన్ని న్యాయభాషలోకి తెచ్చిన వాక్యాలవి. స్టూవర్టుపురంలో హాజరు చెప్పిన మనిషికి ఈ సంగతి ఏ న్యాయమూర్తీ వివరించనక్కరలేదు.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. 236వ నిబంధన ఏ శాసనం కిందా చేసింది కాదు. పోలీసు శాఖ తన సిబ్బందికి ఇచ్చుకున్న ఆదేశం మాత్రమే. 19(5) ప్రకారం సంచార స్వేచ్ఛపై పరిమితి పెట్టాలన్నా, 21 ప్రకారం వ్యక్తిగత స్వేచ్ఛను తగ్గించాలన్నా ‘చట్టం’ ఉండి తీరాలి. కాబట్టి హక్కుకు భంగం కలిగిందని తేలితే చాలు, నిబంధన పడిపోతుంది. అధికసంఖ్యాకులూ, అసమ్మతి తెలిపినవారూ ఈ సూత్రంలో ఒకటే. భంగం కలిగిందా లేదా అన్నదొక్కటే వారి మధ్య వివాదం. అంటే భద్రత ఎంత, స్వేచ్ఛ ఎంత అని తక్కెడలో తూచే ప్రసక్తి ఆ కేసులో రానేలేదు. ఖరక్ సింగ్ కేసును ‘భద్రతకూ స్వేచ్ఛకూ మధ్య సమతూకం’ అన్న శీర్షిక కింద బోధించే మన పాఠ్యపుస్తకాలు ఈ సంగతిని దాటవేస్తున్నాయి.

4. చట్టం దొరికింది

‘చట్టం ఏది?’ అన్న ప్రశ్నను సుబ్బారావు మళ్ళీ ఒకసారి వేశారు. ప్రధాన న్యాయమూర్తిగా పదవిని వీడడానికి ముందురోజు, 1967 ఏప్రిల్ 10న, సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో విదేశయానం వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా ప్రభుత్వం తన ఇష్టానుసారం పాస్‌పోర్టు నిరాకరించరాదని అధికసంఖ్యాక తీర్పు ఇచ్చారు. కొద్ది నెలలకే పార్లమెంటు 1967 పాస్‌పోర్టుల చట్టం చేసింది. అక్కడ ప్రశ్న ఫలించింది. కారణాలు నమోదుచేయాలి, అప్పీలు ఉండాలి అన్న క్రమం ఏర్పడింది.

నిఘా విషయంలో అదే ప్రశ్న వేరే దారి పట్టింది. 1975 మార్చి 18న గోవింద్ కేసులో మధ్యప్రదేశ్ పోలీసు నిబంధనలు సుప్రీంకోర్టు ముందుకు వచ్చాయి. వాటిలోనూ రాత్రి ఇంటి తనిఖీలు ఉన్నాయి. అయితే అవి 1861 పోలీసు చట్టంలోని 46(2)(సి) కింద చేసినవి కనుక వాటికి చట్టబలం ఉన్నదని జస్టిస్ కె.కె. మాథ్యూ తీర్పు చెప్పారు. గోప్యత అనే హక్కు ఉండవచ్చునని ఊహించి, సమాజ భద్రతకు నిజంగా ప్రమాదం ఉన్నవారికే ఈ నిబంధనలు వర్తింపజేయాలని హెచ్చరించి, నిబంధనలను నిలబెట్టారు. 1962లో చట్టం లేదని పోయిన తనిఖీ, 1975లో చట్టం ఉన్నదని నిలిచింది. ఆ చట్టం 1857 తిరుగుబాటు తరువాత వలస ప్రభుత్వం చేసుకున్నది! సుబ్బారావు అసమ్మతిలోని లోపం ఇక్కడ బయటపడుతుంది. చట్టం కావాలన్నారు గానీ, ఎటువంటి చట్టం అయితే చాలునో ఆయన చెప్పలేదు. ఆనాటి కేసులో ఆ అవసరమూ రాలేదు. గోవింద్ తీర్పు వచ్చిన మూడు నెలలకు, 1975 జూన్ 25న, దేశంలో అంతర్గత అత్యవసర పరిస్థితి వచ్చిపడింది.

మరొక తెలుగు న్యాయమూర్తి ఈ వరుసలో కనిపిస్తారు. 1980 డిసెంబరు 5న మలక్ సింగ్ కేసులో పంజాబు పోలీసుల నిఘా రిజిస్టరు గురించి జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి తీర్పు రాశారు. రిజిస్టరులో పేరెక్కించేముందు ఆ వ్యక్తికి నోటీసు ఇచ్చి వాదన వినాలన్న కోరికను ఆయన అంగీకరించలేదు. అలా చేస్తే నిఘా ఉద్దేశమే దెబ్బతింటుందన్నారు. ఇది రాజ్యానికి అనుకూలమైన మాట. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. రిజిస్టరు రహస్యపత్రమే అయినా న్యాయస్థానానికి రహస్యం కాదన్న వైఖరితో ఆ కాగితాలను తెప్పించి చూశారు. పేర్లు ఎక్కించడానికి తగిన ఆధారం ఉన్నదని తేల్చారు. ఈ తీర్పుకు దక్కవలసిన గుర్తింపు దక్కలేదని నా అభిప్రాయం. హక్కు పేరు ఏమిటన్న వాగ్వాదంలోకి ఎక్కువగా పోకుండా, పుస్తకం తెరిచి చూడడమే ఆ తీర్పు చేసిన పని. స్టేషను వెలుపలి కన్ను ఒకటి ఆ పుటలమీద పడింది.

5. తీగమీద

1962 డిసెంబరు 18కి సరిగ్గా ముప్ఫై నాలుగేళ్ళకు, 1996 డిసెంబరు 18న, పౌరహక్కుల ప్రజాసంఘం (పి.యు.సి.ఎల్.) కేసులో టెలిఫోను ట్యాపింగుపై సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. తేదీలు కలవడం కాకతాళీయమే. అప్పటికి దేశంలో ట్యాపింగు వివాదాలు కొత్త కాదు. 1988లో కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే అటువంటి ఆరోపణల నడుమే రాజీనామా చేశారు. రాజకీయనాయకుల టెలిఫోన్ల ట్యాపింగుపై సి.బి.ఐ. నివేదిక పత్రికకెక్కడంతో 1991లో ఈ పిటిషను దాఖలైంది.

ఇక్కడ చట్టం లేదనడానికి వీలులేదు. 1885 టెలిగ్రాఫ్ చట్టంలోని 5(2) సెక్షను ఉన్నది. ప్రజా అత్యవసర పరిస్థితి ఏర్పడినప్పుడు, లేదా ప్రజాభద్రత కోసం అవసరమైనప్పుడు మాత్రమే అది అధికారమిస్తుంది. ఆ పైన దేశ సార్వభౌమత్వం, రాజ్యభద్రత వంటి కారణాలలో ఒకటి ఉండాలి. చూడడానికి కట్టుదిట్టమైన సెక్షనే. అయితే ఆ అధికారాన్ని ఎలా వాడాలో తెలిపే నిబంధనలను 111 ఏళ్ళపాటు ఏ ప్రభుత్వమూ చేయలేదు. జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్ ఆ లోటును మార్గదర్శకాలతో పూరించారు. హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలి. ఉత్తర్వు రెండు నెలలకు మించరాదు. పొడిగించినా మొత్తం ఆరు నెలలు దాటరాదు. క్యాబినెట్ కార్యదర్శి, న్యాయశాఖ కార్యదర్శి, టెలికాం కార్యదర్శులతో సమీక్షా సంఘం ఉండాలి.

ముందుగా న్యాయమూర్తి అనుమతి తీసుకోవాలని పిటిషనరు తరఫున రాజేందర్ సచార్ కోరారు. శాసనంలో లేనిదాన్ని తాము విధించలేమని ధర్మాసనం నిరాకరించింది. ఆ ఒక్క నిరాకరణ తరువాతి చరిత్రకంతటికీ దారి వేసింది. మార్గదర్శకాలు టెలిగ్రాఫ్ నిబంధనలలో 419-ఎ గా చేరి 2007లో స్థిరరూపం పొందాయి. కంప్యూటరు సమాచారానికి సంబంధించిన 2009 నిబంధనలు వాటినే అనుసరించాయి. ఉత్తర్వు ఇచ్చేది కార్యదర్శి. సమీక్షించేది తోటి కార్యదర్శులు. సంఘం రెండు నెలలకొకసారి సమావేశం కావాలి. జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ 2018 నాటి నివేదికలో వేసిన లెక్క ప్రకారం, ఒక్కొక్క సమావేశంలో ఆ సంఘం 15,000 నుంచి 18,000 ఉత్తర్వులను పరిశీలించవలసి ఉంటుంది. ఉత్తర్వుకు ఒక నిమిషం చొప్పున వేసుకున్నా 250 గంటలకు తక్కువ కాదు. ఇది సమీక్ష అనిపించుకోదు.

మరొక నిబంధన ఇంకా విచిత్రమైనది. ట్యాపింగు రికార్డులను, విధినిర్వహణకు అవసరమైతే తప్ప, ఆరు నెలలకొకసారి ధ్వంసం చేయాలి. పౌరుని గోప్యతను కాపాడడానికే ఈ ఏర్పాటు. కానీ తన ఫోను విన్నారని పౌరునికి ఎవరూ తెలియజేయరు. అతనికి తెలిసేలోగా కాగితమూ ఉండదు. మలక్ సింగ్ కేసులో రిజిస్టరు ఉన్నది కనుక న్యాయమూర్తి తెరిచి చూడగలిగారు. ఇక్కడ తెరవడానికి పుట ఉండదు. తెలంగాణలో 2024 మార్చిలో నమోదైన ట్యాపింగు కేసు కూడా మొదట ఇంటెలిజెన్స్ విభాగంలోని సమాచారాన్ని ధ్వంసం చేశారన్న ఫిర్యాదుతోనే మొదలైంది. ఆ ఆరోపణల నిజానిజాలు తేల్చవలసినది న్యాయస్థానం. చరిత్రకారునికి మాత్రం ఒక సంగతి గమనార్హం: సక్రమంగా చెరిపివేయడానికీ, అక్రమంగా చెరిపివేయడానికీ తేడా చెప్పగల సాక్షి ఆ వ్యవస్థకు వెలుపల ఎవరూ లేరు.

6. అసమ్మతి గెలిచిన తరువాత

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా ప్రకటించారు. ఆ మేరకు ఖరక్ సింగ్ తీర్పును తోసిపుచ్చారు. భారత న్యాయచరిత్రలోని మూడు గొప్ప అసమ్మతులలో సుబ్బారావుది ఒకటని జస్టిస్ నారిమన్ పేర్కొన్నారు. చట్టం ఉండాలి, న్యాయమైన లక్ష్యం ఉండాలి, జోక్యం లక్ష్యానికి మించకూడదు అన్న పరీక్ష ఏర్పడింది. 1962లో రాని తక్కెడ యాభై ఐదేళ్ళకు వచ్చింది.

దాని ఫలితాలు పల్లెల దాకా వచ్చాయా అంటే, కొంతమేరకు వచ్చాయి. రౌడీ షీట్లకు ఆధారమైన పోలీసు స్టాండింగ్ ఆర్డర్లకు చట్టబలం లేదని, చట్టం లేకుండా షీట్లు తెరవడం చెల్లదని 2022 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. ఏక న్యాయమూర్తి తీర్పు కనుక అది చివరి మాట కాదు. అయినా 1962 నాటి ప్రశ్న అదే రూపంలో, సుబ్బారావు సొంత రాష్ట్రంలో, అరవై ఏళ్ళ తరువాత మళ్ళీ వేయవలసి వచ్చిందన్నది గమనించాలి. గోవింద్ కేసు అనుభవం చూసినవారికి తరువాతి అడుగు ఏమిటో ఊహించడం కష్టం కాదు. స్టాండింగ్ ఆర్డరులోని మాటలనే చట్టంలో పెడితే ‘చట్టం’ అన్న మొదటి పరీక్ష తీరిపోతుంది.

పైస్థాయిలో ఆ అడుగు ఇప్పటికే పడింది. 1885 చట్టం స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. దానికింద 2024 డిసెంబరులో ట్యాపింగు నిబంధనలు వెలువడ్డాయి. వాటిలోనూ సమీక్షా సంఘం కార్యదర్శులదే. దేశభద్రతకు రహస్యం అవసరమన్నది నిజమే. ఉగ్రవాద కుట్రను విచారించే అధికారి తన ఆధారాలను వీధిలో పెట్టలేడు. కానీ రహస్యంగా చూడగల న్యాయమూర్తి ఉండడానికీ, ఎవరూ చూడకపోవడానికీ మధ్య తేడా ఉన్నది. ఆ తేడాను 1980లోనే చిన్నపరెడ్డి చేసి చూపించారు.

2024 మే నెలలో ఢిల్లీ పోలీసుల హిస్టరీ షీటుపై వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు తనంతతానుగా విచారణ పరిధిని విస్తరించింది. వెనుకబడిన వర్గాలకు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు చెందిన నిర్దోషుల పేర్లు యాంత్రికంగా ఈ షీట్లలో చేరుతున్నాయన్న ఆందోళనను వ్యక్తంచేసి, తమ విధానాలను పరిశీలించుకోవాలని అన్ని రాష్ట్రాలకు సూచించింది. నేరస్థ తెగల చట్టం రద్దయి అప్పటికి డెబ్బై ఒక్క ఏళ్ళు దాటింది. ఆ పరిశీలన జరపవలసినది కూడా ఆ షీట్లు తెరిచిన శాఖలే.